గేదెల పక్షాన ఎవరూ పలకలేదు

జనవరి ఏడో తేదీ మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, తను రోజూ మాట్లాడే రేడియో ఫ్రీక్వెన్సీని గేదెలకు ఇచ్చేస్తున్నారన్న సంగతి నూతలపాటి అగస్టీన్‌కు తెలిసింది. ఆ ఫ్రీక్వెన్సీలోనే తెలిసింది. చెప్పినవాడు జంపన కూర్మరాజు.

"పేపర్లో వేశారండీ మాస్టారూ. మా అల్లుడు చదివి వినిపించాడు. ఏడు సున్నా ఎనిమిది సున్నా ఇక గేదెలకంట. ఓవర్."

"ఏ గేదెలకండీ? ఓవర్."

"అన్ని గేదెలకీనండీ. ఆవులకి వేరే ఏదో ఇచ్చారంట. ఓవర్."

అగస్టీన్ రేపల్లెలో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కూర్మరాజుది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఒక లంక. కొబ్బరితోట ఉంది. ఇద్దరూ హామ్‌లు. అంటే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, డాబా మీద తీగ కట్టుకుని, సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు. తుపాను వచ్చినప్పుడు సరదా పక్కనపెట్టి, ఫోన్లు పడిపోయిన ఊళ్ళ కబుర్లు కలెక్టరాఫీసుకు చేరవేసేవాళ్ళు. మిగతా రోజుల్లో ఉదయం ఆరున్నర నుంచి ఏడు దాకా ఆ ఫ్రీక్వెన్సీలో కలుసుకునేవాళ్ళు. రాష్ట్రంలో ఉన్న హామ్‌లు ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వచ్చి వెళ్ళేవారు. ఈ ఇద్దరు మాత్రం పందొమ్మిదేళ్ళుగా ఒక్క రోజు మానలేదు.

కూర్మరాజుకు నీటికాసులు వచ్చి ఆరేళ్ళ క్రితం చూపు పోయింది. పేపరు పోయింది, టీవీ పోయింది, తోటలో తిరగడం పోయింది. ఉదయం అరగంట రేడియో మిగిలింది. ఆ సంగతి ఆయనెప్పుడూ అనలేదు. ఆయన కూతురు ఒకసారి అగస్టీన్‌తో అంది. "మా నాన్నగారు పొద్దున్న ఆరున్నర కోసం రాత్రి పడుకుంటారండి" అంది.

పథకం పేరు పశు హాజరు. బడిపిల్లలకూ, ఉద్యోగులకూ, కూలీలకూ యంత్రం మీద హాజరు వేయించడం అయిపోయాక మిగిలింది పశువులేనని ఒక సమీక్షా సమావేశంలో తేలింది. గేదె మెడలో ఒక పెట్టె కడతారు. గేదె ఉన్నట్టు అది పూటపూటకూ రేడియోలో రాజధానికి చెబుతుంది. గేదె ఉంటే తెలుస్తుంది. లేకపోతే కూడా తెలుస్తుంది. అందుకు ఒక ఫ్రీక్వెన్సీ కావాలి. ఫ్రీక్వెన్సీలు పంచేది తరంగ వినియోగ క్రమబద్ధీకరణ మండలి. మండలి వెతికి, ఏడు సున్నా ఎనిమిది సున్నాను "ముఖ్య ప్రయోజనమేదియు లేని సంభాషణలకు వినియోగపడుచున్న ఖండము"గా గుర్తించింది. అభ్యంతరాలు ఉన్నవారు లిఖితపూర్వకంగా, తపాలా ద్వారా మాత్రమే, నెల లోపల పంపాలని ప్రకటించింది.

రేపల్లె హామ్ క్లబ్బుకు అగస్టీన్ కార్యదర్శి. ఆ సాయంత్రం స్టేషన్ దగ్గర ఖాజావలి జెరాక్సు షాపులో క్లబ్బు సమావేశమైంది. ఖాజావలి కూడా హామే.

"ఒక ఉత్తరం రాయండి మాస్టారూ, అందరికీ జెరాక్సు తీసిస్తా. సంతకం పెట్టి పడేస్తారు" అన్నాడు ఖాజావలి.

"జెరాక్సు ఉత్తరాలు అన్నీ కలిపి ఒకటిగా లెక్కేస్తారు. ఎవరిది వాళ్ళు చేత్తో రాయాలి" అన్నాడు అగస్టీన్.

ఆ మాట మర్నాడు పొద్దున ఫ్రీక్వెన్సీలో చెప్పాడు. విన్నవాళ్ళు విననివాళ్ళకు చెప్పారు. వారం తిరిగేసరికి రాష్ట్రంలో హామ్‌లందరూ ఉత్తరాలు రాస్తున్నారు.

హామ్‌లకు ఒక అలవాటుంది. అవతలివాడు పలకగానే ముందు ఆ మాట ఎలా వినిపించిందో చెబుతారు. స్పష్టత ఐదుకు ఎంత, బలం తొమ్మిదికి ఎంత. ఆ తర్వాతే అసలు విషయం. ఉత్తరాల్లో కూడా అలాగే మొదలుపెట్టారు. అగస్టీన్ ఉత్తరం మొదటి వాక్యం ఇది: "అయ్యా, మీ ప్రకటన మాకు అందినది. స్పష్టత మూడు, బలం తొమ్మిది."

మండలి ప్రతి ఉత్తరానికీ రసీదు పంపింది. "తమరి అభ్యంతరము ఈ కార్యాలయమునకు చేరియున్నది. తగు చర్య నిమిత్తము పరిశీలనయందున్నది" అని అందులో ఉంది. కింద సంయుక్త సంచాలకులు కైవారం పరాంకుశం సంతకం.

ఇక్కడ హామ్‌ల రెండో అలవాటు అడ్డం వచ్చింది. వాళ్ళలో మాట్లాడితే సరిపోదు. మాట్లాడినట్టు కార్డు పంపాలి. ఫలానా రోజున, ఫలానా వేళకు, ఫలానా ఫ్రీక్వెన్సీలో మీ పిలుపు అందిందని అచ్చేసిన కార్డు. అది వచ్చేదాకా ఆ మాట జరిగినట్టు కాదు. అందిన కబురుకు కార్డు పంపనివాణ్ణి మర్యాద తెలియనివాడంటారు. రసీదు అందగానే అగస్టీన్ బల్ల సొరుగులోంచి ఒక కార్డు తీసి, పరాంకుశం పేరు రాసి, స్పష్టత రెండు, బలం తొమ్మిది వేసి పోస్టు చేశాడు. రాష్ట్రంలో మిగతా హామ్‌లు కూడా, ఎవరూ చెప్పకుండానే, అదే చేశారు.

మండలి నిబంధన ప్రకారం ఆ విషయం మీద వచ్చిన ప్రతి కాగితమూ అభ్యంతరమే. ప్రతి అభ్యంతరానికీ రసీదు, దాని నకలు విడివిడిగా పంపాలి. కార్డులకు రసీదులు వచ్చాయి. రసీదులకూ నకళ్ళకూ విడివిడిగా కార్డులు వెళ్ళాయి.

పోస్టుమాన్ మూడో వారంలో సైకిలు మానేసి ఆటోలో వచ్చాడు.

"ఏం మాస్టారూ, కేసులో ఏమన్నా ఇరుక్కున్నారా? చెప్పండి, మా బామ్మర్ది వకీలు దగ్గర గుమాస్తా."

"కేసు కాదయ్యా. గేదెలు."

"గేదెలు తప్పిపోయినియ్యా?"

"ఇంకా లేదు" అంది లోపల్నుంచి అగస్టీన్ భార్య రూతమ్మ. "తప్పిపోతే తెలవటానికే ఇదంతా."

ఫిబ్రవరి చివర అగస్టీన్‌ను మండలి రాజధానికి పిలిపించింది. పరాంకుశం గదిలో బీరువాల ముందు సంచులు, సంచుల ముందు కుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీలో కూర్చోమన్నాడు.

"తమరి నుండి ఇంతవరకు నలభై ఒక్క అభ్యంతరములు అందియున్నవి."

"నేను పంపిన అభ్యంతరం ఒకటేనండి. మిగతావి కార్డులు."

"కార్డులో ఏమున్నది?"

"మీ ఉత్తరం అందిందని."

"అందుట మీద అభ్యంతరమా?"

"అభ్యంతరం కాదండి. అందింది. అంతే."

"మండలిలో అందుట అను విభాగము లేదు. అభ్యంతరము, ఆమోదము. రెండే. తమరు ఆమోదించుచున్నారా?"

"లేదండి."

"అయినచో అభ్యంతరమే."

"మీరు రసీదు పంపడం మానేయండి సార్. మేము కార్డు మానేస్తాం."

"రసీదు పంపనిచో ఆడిటు వారు అడిగెదరు. తమరు కార్డు పంపనిచో ఎవరడిగెదరు?"

"కూర్మరాజుగారు అడుగుతారండి."

"ఆయన ఏ శాఖ?"

"కొబ్బరితోట అండి."

పరాంకుశం రాసుకున్నాడు. తర్వాత ఒక కార్డు తీసి అగస్టీన్ ముందు పెట్టాడు. "స్పష్టత రెండు అని వ్రాసినారు. ఇది మండలి భాషపై వ్యాఖ్యయా?"

"వినపడింది వినపడ్డట్టు రాయాలండి. ఎక్కువ వేస్తే అవతలివాడు తన యాంటెనా బాగుందనుకుంటాడు."

పరాంకుశం కార్డు వెనక్కి తీసుకున్నాడు.

"తుపానప్పుడు కూడా మేము వాడేది ఆ ఫ్రీక్వెన్సీయేనండి" అన్నాడు అగస్టీన్.

"అత్యవసరములకు వేరు విభాగము కలదు."

"ఆ విభాగం వాళ్ళే మమ్మల్ని పిలుస్తారండి."

"పిలిచినట్లు లిఖితపూర్వకముగా ఉన్నదా?"

"అప్పుడు పోస్టు నడవదండి."

"అయినచో పిలవనట్లే" అన్నాడు పరాంకుశం. లేచి నిలబడి చేతులు జోడించాడు. "తమరు ఆందోళన చెందనక్కరలేదు. అభ్యంతరములు పరిష్కారమగువరకు మండలి ఏ నిర్ణయమూ తీసుకొనజాలదు. కార్డులు వచ్చుచున్నంతకాలము పరిష్కారము కాజాలదు."

అగస్టీన్ ఆ రాత్రి బస్సులో నిద్రపోయాడు. మర్నాడు ఆరున్నరకు కూర్మరాజుకు చెప్పాడు. "మనం కార్డులు పంపుతూ ఉంటే చాలండి. ఫ్రీక్వెన్సీని ఎవరూ ముట్టుకోలేరు. ఓవర్."

"ఆయ్. అయితే ఇంకో కట్ట కార్డులు అచ్చేయించమంటాను మా అల్లుణ్ణి. ఓవర్."

మార్చి పదకొండున మండలి ఉత్తర్వు వచ్చింది. వివాదం తేలేదాకా ఏడు సున్నా ఎనిమిది సున్నాలో యథాతథ స్థితి కొనసాగాలని అందులో ఉంది. యథాతథ స్థితి అంటే ఏమిటో కింద వివరించారు. గేదెలు గాని, హామ్‌లు గాని, మరి ఏ ఇతర జీవులు గాని సదరు ఖండమందు ప్రసారము చేయరాదు. చేసినచో లైసెన్సు రద్దగును. గేదెల విషయంలో యజమాని బాధ్యుడు.

మర్నాడు ఆరున్నరకు అగస్టీన్ రేడియో స్విచ్ వేశాడు. మైకు పట్టుకోలేదు. గరగర వినిపించింది. ఏడింటికి స్విచ్ తీసేశాడు.

పక్క ఫ్రీక్వెన్సీకి జరగొచ్చు. ఖాజావలి అదే అన్నాడు. కాని పక్కకు జరిగితే పాతది అవసరం లేదని ఒప్పుకున్నట్టేనని మండలి ఉత్తర్వు నాలుగో పేరాలో ముందే రాసింది. కూర్మరాజు రేడియో డయలు ఆరేళ్ళ క్రితం ఏడు సున్నా ఎనిమిది సున్నా దగ్గర పెట్టి, చెయ్యి తగిలినా కదలకుండా అల్లుడు టేపు వేశాడు. అది కూడా ఒక కారణం.

"ఫోన్ చేసుకోవచ్చుగా మీరిద్దరూ" అంది రూతమ్మ. "లోకమంతా అట్టనే మాట్లాడుకుంటంది."

అగస్టీన్ ఫోన్ చేశాడు.

"రాజుగారూ, నేనండి."

"మాస్టారూ! బావున్నారాండీ?"

"బాగున్నానండి. మీరు?"

"బానే ఉన్నానండీ."

తర్వాత ఇద్దరూ ఆగారు. కూర్మరాజు ఓవర్ అనలేదు కాబట్టి ఇంకా ఏదో చెప్పబోతున్నాడని అగస్టీన్ కనిపెట్టుకుని ఉన్నాడు. అగస్టీన్ ఊరుకున్నాడు కాబట్టి ఆయనకేదో పని ఉందని కూర్మరాజు అనుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఒకేసారి ఆగారు.

"మీరు చెప్పండి."

"అబ్బే, మీరే చెప్పండి."

"ఏం లేదండి, ఊరికే."

"ఉంటానండీ మరి."

అగస్టీన్ ఫోన్ కింద పెట్టాడు.

"అయిపోయిందా?" అంది రూతమ్మ.

"సిగ్నల్ బాగానే ఉంది. సంబంధం కుదరలేదు."

"పెళ్ళిచూపులకి పోయొచ్చినట్టు చెప్తున్నారు."

అగస్టీన్ రెండు రోజులు బల్ల ముందు కూర్చుని లెక్క వేశాడు. కార్డులు మానేస్తే వివాదం ముగుస్తుంది, ఫ్రీక్వెన్సీ గేదెలకు పోతుంది. కార్డులు పంపితే వివాదం నడుస్తుంది, ఫ్రీక్వెన్సీ ఎవరికీ ఉండదు. మూడో దారి కనిపించలేదు. కార్డులు పంపుతూ ఉన్నాడు. ఏప్రిల్లో కూర్మరాజు కూతురు ఫోన్ చేసింది. ఆయన పొద్దున్నే లేవడం మానేశారని చెప్పింది. "ఆరున్నరకి లేపితే, ఎందుకు, అంటున్నారండి" అంది.

మే నెలలో మండలి కొత్త నిబంధన ఒకటి అమలుచేసింది. పారదర్శకత కోసం, ఒకరి అభ్యంతరం ప్రతిని మిగతా అభ్యంతరదారులందరికీ పంపాలి. వాళ్ళ సమాధానాలు తెప్పించుకోవాలి. ఆ సమాధానాల ప్రతులు మళ్ళీ అందరికీ పంపాలి.

మొదటి కట్టలో అగస్టీన్‌కు, కూర్మరాజు ఏప్రిల్‌లో కొత్తగా రాయించిన అభ్యంతరం ప్రతి వచ్చింది. చేతిరాత అల్లుడిది. మాట ఆయనది.

"అయ్యా, మొదటి సంగతి, ఫ్రీక్వెన్సీ గేదెలకు ఇవ్వకూడదు. మా ఇంట్లో రెండు గేదెలున్నాయి, వాటికి చెప్పుకోవలసిన మాటలు నాకు తెలిసినంతలో లేవు. రెండో సంగతి, తుపాను వస్తే ఏం చేస్తారు. మూడో సంగతి, రేపల్లె మాస్టారి మోకాలు ఎలా ఉంది? మార్చిలో మెట్లు దిగలేకపోతున్నాను అన్నారు. ఆ తర్వాత కబురు లేదు."

ప్రతికి మండలి వారి కవరింగు లేఖ జతచేసి ఉంది. "పై అభ్యంతరములోని మూడవ అంశము తమకు సంబంధించినదిగా గుర్తించడమైనది. సదరు మోకాలు కుడిదా, ఎడమదా స్పష్టపరచుచు, ప్రస్తుత స్థితిని పదిహేను దినములలోగా తెలుపవలెను. లేనిచో మోకాలు లేనట్లు భావించి తదుపరి చర్య గైకొనబడును."

రూతమ్మ చదివి ఆయన కాళ్ళవంక చూసింది. "తొందరగా రాయండి. పదిహేను రోజులే ఇచ్చారు."

అగస్టీన్ రాశాడు. కుడిది. మెట్లు ఎక్కగలను, దిగలేను. డాక్టరు నడవమన్నాడు, ఎక్కడికో చెప్పలేదు. రాజుగారు పొద్దున్నే లేవడం మానేశారని తెలిసింది. దీనికి నా అభ్యంతరం నమోదు చేయవలెను.

మండలి ఆ సమాధానాన్ని ప్రతులు తీసి రాష్ట్రంలో ఉన్న హామ్‌లందరికీ పంపింది. హామ్‌లు ఊరుకోలేదు. ఆముదం వెచ్చచేసి రాయమని మదనపల్లె నుంచి ఒకరు రాశారు. ఆముదంతో ఏమీ కాదు, తమ ఊళ్ళో ఒక డాక్టరున్నాడని పాలకొండ నుంచి ఇంకొకరు. మదనపల్లె వారు ఆముదం గురించి పాలకొండ వారికి ఏం తెలుసని అడిగారు. ప్రతి ఉత్తరానికీ మండలి ప్రతులు తీసింది, పంపింది, సమాధానం కోరింది. రోజూ ఉదయం అరగంటలో అయిపోయే మాటలు ఇప్పుడు ఆరు రోజులకు ఒక విడత చొప్పున, ప్రభుత్వ ముద్రతో, అందరికీ చేరుతున్నాయి.

"మండలి మన రిపీటరు అయిపోయింది మాస్టారూ" అన్నాడు ఖాజావలి. ఒకచోట అందిన మాటను తిరిగి నలుదిక్కులా పంపే యంత్రాన్ని హామ్‌లు రిపీటరంటారు. "కాకపోతే కాస్త నిదానం."

కూర్మరాజు తర్వాతి అభ్యంతరం జూన్‌లో వచ్చింది. "మాస్టారి అభ్యంతరం విన్నాను. పోస్టుమాన్ పదకొండింటికి వస్తాడు. పదిన్నరకు లేస్తున్నాను."

మండలిలో ఫైలుకు మోకాలు అనే పేరు స్థిరపడింది. ప్రతులు తీసే గది చాలక సైకిలు షెడ్డుకు గోడలు కట్టారు. మనుషులు చాలక, గేదెలకు పెట్టెలు కట్టడానికి తీసుకున్న సిబ్బంది మొత్తాన్ని కవర్లు అంటించే పనికి మార్చారు. గేదెల పెట్టెలు గోదాములోనే ఉండిపోయాయి. వాటిలో ఒకటి మూత తెరుచుకుని, తన ముందు గేదె లేదని తొమ్మిది రోజులు రాజధానికి చెప్పింది. యథాతథ స్థితి ఉల్లంఘించినందుకు మండలి దానికి తాఖీదు ఇచ్చింది. గోదాము కాపలావాడు దానికి సంతకం పెట్టి తీసుకున్నాడు.

జూన్ చివర మండలి అత్యవసరంగా సమావేశమైంది. అభ్యంతరదారులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, మౌఖికంగా విని, మూసేద్దామని పరాంకుశం ప్రతిపాదించాడు. ఎక్కడ కూర్చోబెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మండలి న్యాయ సలహాదారు నిబంధనల పుస్తకం తెరిచాడు. మండలి పెట్టినప్పుడు తీరిక లేక, భూవివాదాల నిబంధనలు తెచ్చి, భూమి అని ఉన్నచోటల్లా తరంగము అని దిద్దుకున్నారు. ముప్ఫై రెండో నిబంధన ఇలా ఉంది: "విచారణాధికారి వివాదాస్పద తరంగమును స్వయముగా సందర్శించి, ఉభయ పక్షములను అచ్చటికే పిలిపించి, అచ్చటనే విచారణ జరుపవలెను."

"అచ్చట అనగా?" అన్నాడు పరాంకుశం.

"ఏడు సున్నా ఎనిమిది సున్నా" అన్నాడు న్యాయ సలహాదారు.

"దానికి ఎట్లు వెళ్ళుట?"

"అది సాంకేతిక విషయము. నా పరిధిలోనిది కాదు."

లైసెన్సు లేనివాడు ఆ ఫ్రీక్వెన్సీలో మాట్లాడకూడదు. లైసెన్సు కావాలంటే హామ్ పరీక్ష రాయాలి. పరాంకుశం రాశాడు. తప్పాడు. ప్రశ్నపత్రంలో యాంటెనా అంటే ఏమిటి అని అడిగితే, "పై విషయము పరిశీలనయందున్నది" అని రాశాడు. రెండోసారికి ముందు, చదువు చెప్పమని రేపల్లె వచ్చాడు.

అగస్టీన్ వారం రోజులు చెప్పాడు. సిద్ధాంతం రెండు రోజుల్లో వచ్చింది. మాట్లాడటం, స్విచ్ వేయని రేడియో ముందు కూడా, రాలేదు.

"మైకు నొక్కండి. చెప్పాల్సింది చెప్పండి. ఓవర్ అనండి. చెయ్యి తీసేయండి."

పరాంకుశం మైకు నొక్కాడు. "విచారణకు హాజరైన అభ్యంతరదారులకు తెలియజేయునది ఏమనగా, మండలి వారి ఉత్తర్వుల మేరకు, సదరు విషయమును గురించి, ఇంతకుముందు జారీచేయబడిన ప్రకటనలోని అంశములను దృష్టియందుంచుకొని..."

"సార్."

"ఇంకా పూర్తికాలేదు."

"మీరు చెయ్యి తీస్తేగాని అవతలివాళ్ళు మాట్లాడలేరు సార్. మీరు నొక్కి ఉంచినంతసేపు మీకు ఏదీ వినపడదు."

"వాక్యము మధ్యలో ఆపుట ఎట్లు?"

"వాక్యం చిన్నది చేయండి."

పరాంకుశం ఆ మధ్యాహ్నం భోజనం సగంలో ఆపేశాడు. "చిన్నదైనచో దానికి ఎవరు బాధ్యులో తెలిసిపోవును కదా" అన్నాడు.

రూతమ్మ చేపల పులుసు ఇంకాస్త వడ్డించింది. "సార్, ఉప్పు సరిపోయిందా? ఒక్క మాటలో చెప్పండి."

"సరిపోయినదని చెప్పుటకు..."

"ఒక్క మాట."

పరాంకుశం అగస్టీన్ వంక చూశాడు. "సరిపోయింది" అన్నాడు.

"ఓవర్" అంది రూతమ్మ.

రెండోసారి పరీక్ష ప్యాసయ్యాడు.

విచారణ జూలై ఇరవై ఎనిమిది సోమవారానికి పడింది. వేళ ఉదయం ఆరున్నర. అభ్యంతరదారులు ఆ వేళకే సదరు తరంగాన్ని వాడేవారని ఫైలులో ఉంది కాబట్టి మరో వేళ పెట్టడం కుదరలేదు. విచారణ ఉన్న అరగంట మాత్రం యథాతథ స్థితిని సడలించారు.

ఆరున్నరకు అగస్టీన్ స్విచ్ వేశాడు. నాలుగున్నర నెలల గరగర కాసేపు వినిపించింది. తర్వాత పరాంకుశం గొంతు వచ్చింది.

"విచారణ ప్రారంభించడమైనది. మొదటి అభ్యంతరదారు, జంపన కూర్మరాజుగారు. హాజరా? ఓవర్."

ఎవరూ పలకలేదు. అగస్టీన్ రేడియో శబ్దం పెంచాడు. రూతమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"జంపన కూర్మరాజుగారు. రెండవసారి. ఓవర్."

గరగర.

"జంపన కూర్మరాజుగారు. మూడవసారి. ఓవర్."

"ఆయ్, ఉన్నానండీ. అలవాటు తప్పి లేవడం కాస్త ఆలస్యమైంది. మాస్టారున్నారాండీ? ఓవర్."

"ఉన్నానండి" అన్నాడు అగస్టీన్. ఓవర్ అనడం మర్చిపోయాడు. రూతమ్మ అందించింది.

"మాస్టారూ, స్పష్టత ఐదు, బలం తొమ్మిది. మోకాలెలా ఉందండీ? ఓవర్."

"అభ్యంతరదారు అభ్యంతరమునకు పరిమితము కావలెను. ఓవర్" అన్నాడు పరాంకుశం.

"అదే నా అభ్యంతరమండీ. ఏప్రిల్ ఉత్తరం, మూడో సంగతి. చూసుకోండి. ఓవర్."

కాగితాలు తిరగేసిన చప్పుడు రాష్ట్రమంతా వినిపించింది. పరాంకుశం ముందే మైకు నొక్కి పట్టుకున్నాడు.

"ఉన్నది" అన్నాడు. "అనుమతించడమైనది. మోకాలు విషయమై రెండవ అభ్యంతరదారు సమాధానము చెప్పవచ్చును. ఓవర్."

అగస్టీన్ చెప్పాడు. మదనపల్లె వారు ఆముదం సంగతి ఎత్తారు. పాలకొండ వారు అడ్డుపడ్డారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని పరాంకుశం అన్నాడు. తాము ఎప్పుడూ అలాగే మాట్లాడతామని నలుగురు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఏడింటికి ఐదు నిమిషాలుందనగా పరాంకుశం ప్రతివాదిని పిలిచాడు.

"పశు హాజరు పథకము. గేదెల పక్షము. హాజరా? ఓవర్."

మూడుసార్లు పిలిచాడు. గేదెల పక్షాన ఎవరూ పలకలేదు. ఆ పక్షం సిబ్బంది సైకిలు షెడ్డులో కవర్లు అంటిస్తున్నారు. ప్రతివాది గైరుహాజరు అని నమోదు చేసి, విచారణను మరునాడు ఆరున్నరకు వాయిదా వేశాడు.

మరునాడు కూడా అంతే జరిగింది. ఆ తర్వాతి రోజు కూడా. ప్రతివాదిని వినకుండా విచారణ ముగించకూడదని నిబంధన. అభ్యంతరదారు కొత్త అభ్యంతరం చెబితే నమోదు చేసి, మిగతావారి సమాధానం వినాలని ఇంకో నిబంధన. రెండో వారంలో కూర్మరాజు తన తోటలో తెల్లదోమ గురించి అభ్యంతరం చెప్పాడు. దాని విచారణకు నాలుగు రోజులు పట్టింది. ఆయన ఆరింటికే లేచి, కాఫీ తాగి, రేడియో ముందు కూర్చుంటున్నారని కూతురు ఫోన్‌లో చెప్పింది.

ఆదివారాలు కార్యాలయానికి సెలవు. విచారణ ఉండదు. విచారణ లేకపోతే సడలింపు లేదు. ఆదివారం ఆరున్నరకు అగస్టీన్ స్విచ్ వేసేవాడు, గరగర వినేవాడు, ఏడింటికి తీసేసేవాడు. లంకలో కూర్మరాజూ అదే చేస్తున్నాడని సోమవారం విచారణలో తేలేది.

ఆగస్టు ముప్ఫై ఒకటి ఆదివారం. ఆరున్నరకు అగస్టీన్ స్విచ్ వేశాడు. రూతమ్మ చర్చికి తయారవుతోంది. గరగరలోంచి ఒక గొంతు వచ్చింది. పరాంకుశానిది.

"ఎవరైనా ఉన్నారా? ఓవర్" అన్నాడు.

అగస్టీన్ మైకు వంక చూశాడు. నొక్కలేదు.

"ఆయ్, ఉన్నామండీ" అన్నాడు కూర్మరాజు. "ఇయాళ విచారణ లేదు కదండీ. ఓవర్."

"లేదు. ఓవర్."

"మరి ఏ అంశమండీ? ఓవర్."

"మాస్టారి మోకాలు" అన్నాడు పరాంకుశం. "ఓవర్."

ఆరు గంటల ముప్ఫై మూడు నిమిషాలకు అగస్టీన్ మైకు నొక్కాడు.